నది లేని ఊరు

ఇరవై యేళ్ళు దాటిన ముచ్చట ఇది. సాంఘికశాస్త్రం చెప్పే మాస్టారు సెలవులో ఉంటే ఆరవ తరగతి వారి గంట ఒకటి నాకు అప్పగించారు. నేను తెలుగు పండితుణ్ణి. పద్యమైతే ఏ పూటనైనా చెప్పగలను గాని, పటం చూపి పాఠం చెప్పడం నాకు అలవాటు లేని పని. అయినా పుస్తకం తెరచి, ప్రాచీన నాగరికతలు నదుల ఒడ్డున పుట్టినవని చదివి, సింధు, నైలు, టైగ్రిస్, యూఫ్రటీస్ అని నల్లబల్ల మీద వరుసగా వ్రాశాను. వెనుక వరుసలోని ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు. "సార్, మన జగదేవ్‌పూర్‌కు నది లేదు గద. మరి మనకు చరిత్ర లేనట్టేనా?" అన్నాడు.

తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. "చెరువు ఉన్నది గదరా, కూర్చో" అన్నాను. ఇంతలో గంట కొట్టారు. నేను చెప్పినది జవాబు కాదని నాకు అప్పుడే తెలుసు. ఆ పిల్లవాడికి కూడా తెలిసే ఉంటుంది. వాడిది మా ఊరు కాదు, మామిడ్యాల. మేనమామ ఇంట ఉండి మా బడిలో చదువుకొనేవాడు. వాడి ప్రశ్నకు ఇన్నేళ్ళ తరువాత జవాబు వ్రాయడానికి కూర్చున్నాను.

మొదట, మాకు నది ఎందుకు లేదో చెప్పాలి. మా ఊరు ఎత్తున ఉన్నది. గజ్వేల్, జగదేవ్‌పూర్, మర్కూక్, వర్గల్ ప్రాంతమంతా సముద్రమట్టానికి ఐదువందల మీటర్లకు పైబడిన ఒక పెద్ద మెట్ట. పెంకుటింటి కప్పు నడుమ ఎత్తుగా ఉండి ఇరుప్రక్కలకు వాలినట్లు, ఈ నేల కూడా ఇరుప్రక్కలకు వాలి ఉంటుంది. ఉత్తరపు వాలున పడిన వాన కూడవెల్లి వాగులో కలిసి ఎగువ మానేరుకు పోతుంది. మానేరు గోదావరిలో కలుస్తుంది. పడమటి వాలున పడినది హల్దీ వాగు పట్టుకొని మంజీరకు చేరి, నిజాంసాగర్ మీదుగా అదీ గోదావరికే పోతుంది. దక్షిణాన భువనగిరి వైపు పడిన వాన మాత్రం మూసీకి చేరుతుంది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. అంటే ఒకే మబ్బు నుండి రాలిన రెండు చినుకులలో ఒకటి అంతర్వేది దగ్గర, మరొకటి హంసలదీవి దగ్గర సముద్రాన్ని చూస్తాయి. రెండు మహానదులకు పంచిపెట్టిన నేల మాది. పంచిపెట్టే వాడి చేతిలో ఏమి మిగులుతుంది?

నిలుపుకొన్నది మిగులుతుంది. ఎర్ర చెల్క నేలలు, నడుమ నడుమ నల్లరాతి గుట్టలు, గుట్టకూ గుట్టకూ మధ్య వాలు. ఆ వాలుకు అడ్డంగా కట్ట పోసి పెద్దలు కుంటలు, చెరువులు చేశారు. చెరువు క్రింద వరి, మెట్టన జొన్న, మక్క, ఆముదం, పెసర. బావుల మీద మోట కొట్టిన కాలాన్ని నేను చిన్నతనంలో చూశాను. తోలు బొక్కెన పైకి రావడానికి ఎడ్లు వాలుబాటన దిగడం, నీరు కాలువలో పడగానే వెనుకకు నడవడం, మోట కొట్టే ఆయన ఆ నడకకు సరిపడా పాట ఎత్తుకోవడం ఇంకా చెవిలో ఉన్నది. తరువాత కరెంటు మోటారు వచ్చింది. ఆ తరువాత బోరు వచ్చింది. బోర్లు లోతుకు పోయిన కొద్దీ బావులు ఎండినవి. కొన్నేళ్ళకు బోర్లూ ఎండినవి.

మా ప్రాంతపు మాటలో ఒక విశేషం ఉన్నది. బావి తవ్వుతుండగా ఊట పడితే "గంగ పడ్డది" అంటారు. బోరులో నీరు వచ్చినా గంగే. ఉగ్గిన్నెడు నీటి ఊటను కూడా గంగ అని పిలిచేవారిని చూసి, ఇది భక్తి అని చాలాకాలం అనుకొన్నాను. ఇప్పుడు అది కరువు నేర్పిన మర్యాద అనిపిస్తున్నది. నది ప్రక్కన పుట్టినవాడికి నీరు నీరే. మాకు ప్రతి చెంబూ గంగే. బతుకమ్మ పండుగనాడు మా ఆడబిడ్డలు తంగేడు, గునుగు పూలను ఏ కుంటలో విడిచినా అది ఆ పూటకు నదియే.

ఇక చరిత్ర మాట. నేను చదివిన పాఠ్యపుస్తకాలలో మా ఊరి ప్రస్తావన లేదు. నేను చెప్పిన పుస్తకాలలోనూ లేదు. కాని తెలుగు చదువుకొన్నవాడికి ఊరి పేరు కూడా ఒక చిన్న శాసనమే. మా చుట్టుప్రక్కల పేర్లు చూడండి. చాట్లపల్లి, గొల్లపల్లి, లింగారెడ్డిపల్లి. "పల్లి" మన భాషలో పాతమాట, చిన్న నివాసానికి పేరు. గొల్లలు మందలతో దిగిన చోటు గొల్లపల్లి అయింది. చాట్లపల్లి అనగానే నాకు చాటలు వినిపిస్తాయి. తిమ్మాపూర్, దౌలాపూర్, కొండాపూర్ వంటి పేర్లలో సంస్కృతపు "పురం" కచేరీలలోని ఉర్దూ నోట పడి "పూర్"గా కురుచయింది. అంగడి కిష్టాపూర్ పేరులో బేరసారాల చప్పుడు ఉన్నది. మునిగడప అన్న పేరును ఎన్నిసార్లు పలికినా నాకు తనివి తీరదు. ఒక ముని, ఒక గడప, అంతే. మంచి కవి కూడా అంతకన్న తక్కువ మాటలలో ఒక బొమ్మ గీయలేడు.

పీర్లపల్లి మరొక కథ చెబుతుంది. మొహర్రం నెలలో పీరీలు లేచినప్పుడు అలావా చుట్టూ ఆడేవారి మతం ఏదని తెలంగాణ పల్లెలలో ఎవరూ అడిగేవారు కారు. మొక్కు అందరిదీ. ఇక అలిరాజపేట. "అలీ", "రాజు", "పేట" మూడూ ఒకే పేరులో ప్రక్కప్రక్కన కూర్చున్నవి. ఈ ఒక్క పేరును విడదీసి చెప్పితే మా నేల మీద ఎన్ని భాషలు మాట్లాడారో పిల్లలకు ఒక పూటలో తెలుస్తుంది. సంధులు, సమాసాలు చెప్పడానికి ఎక్కడెక్కడి పదాలో తెచ్చి నల్లబల్ల మీద వ్రాశాను గాని, బడి కిటికీలో నుండి కనిపించే ఊళ్ళ పేర్లను ఎన్నడూ విగ్రహవాక్యం చెప్పమని అడగలేదు. ఇది నేను చేసిన తప్పులలో ఒకటి.

జగదేవ్‌పూర్ మాటేమిటి అని అడుగుతారు. తెలంగాణ చరిత్రలో జగదేవ నామం గలవారు పలువురు ఉన్నారు. పరమార వంశపు జగద్దేవుడు మాళవం విడిచి కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కొలువులో చేరి, మా ఊరికి ఆగ్నేయాన ఉన్న కొలనుపాక సీమను ఏలినవాడు. కాకతి రుద్రదేవుని 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో, రుద్రుని తండ్రి ప్రోలరాజు చేతిలో భంగపడిన జగద్దేవుడు ఒకడు కనిపిస్తాడు. 16వ శతాబ్దంలో 1550 ప్రాంతాన ఇబ్రహీం కుతుబ్‌షాహీ గోలకొండ గద్దె ఎక్కడానికి తోడ్పడి, తరువాత అతనితోనే చెడి, బీరారుకు, విజయనగరానికి పోయిన నాయకుడు జగదేవరావు. వీరిలో ఎవరినైనా మా ఊరికి మూలపురుషునిగా నిలబెట్టాలన్న ఆశ వయసులో ఉండగా నాకు ఉండేది. పేరు పోలిక సాక్ష్యం కాదని వయసు మళ్ళిన తరువాత తెలిసింది. ఒక రాజును అరువు తెచ్చుకొంటే గాని ఊరికి గౌరవం రాదనుకోవడం, ఆనాడు తరగతిలో నవ్విన నవ్వు వంటిదే.

రాజులను వదిలి దారులను పట్టుకొంటే మా ఊరి చరిత్ర సులభంగా అర్థమవుతుంది. చౌరస్తాలో నిలబడి నాలుగు వైపులా చూస్తే చాలు. పడమటి దారి గజ్వేల్‌కు. అది తాలూకా కేంద్రం. రైతు పహాణీ నకలు కోసం, కోర్టు వాయిదా కోసం, బిడ్డ పెండ్లి బట్టల కోసం నడిచిన దారి అది. దక్షిణపు దారి భువనగిరికి. త్రిభువనమల్లుడన్న బిరుదు గల ఆరవ విక్రమాదిత్యుని పేరిట త్రిభువనగిరియై, భువనగిరిగా మిగిలిన కోట అక్కడ ఉన్నది. మా పెద్దలకు మాత్రం కోటకన్న రైలుస్టేషను ముఖ్యం. కాజీపేటకైనా, సికింద్రాబాదుకైనా బండి అక్కడ ఎక్కేవారు. ఆగ్నేయాన కొలనుపాక, జైనులకు తీర్థం, వీరశైవులకు రేణుకాచార్యుని పుణ్యస్థలం. ఈశాన్యాన కొమురవెల్లి మల్లన్న.

ఆ ఈశాన్యపు దారి మా దేవుళ్ళ బంధుత్వాల దారి. సంక్రాంతి మొదలు ఉగాది దాకా మల్లన్న జాతర. ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తారు, ఢమరుకం మీద కథ చెబుతారు. ఆ మల్లన్నకు తోబుట్టువు మా మండలంలోని తీగుల్ నర్సాపూర్ గుట్ట మీది కొండపోచమ్మ. అన్నను చూసినవారు చెల్లెలిని చూడకుండా ఇంటికి పోరాదని మొక్కుకొన్నవారి నమ్మకం. అందుకని జాతర రోజుల్లో ఆ దారి పొడవునా బండ్లు, బోనాలు, మేకపోతులు, పసుపు వాసన. భూగోళం పుస్తకంలో ఈ దారి ఉండదు. మా ఇళ్ళలో మాత్రం సంవత్సరం ఈ దారి మీదనే తిరిగేది.

కచేరీలు మారిన తీరు కూడా చెప్పుకోవాలి. నిజాం కాలపు ఉర్దూ కాగితాలు 1948 తరువాత మెల్లగా తెలుగయ్యాయి. 1984లో పటేల్ పట్వారీలు పోయారు. 1985లో మండలాలు వచ్చి జగదేవ్‌పూర్ ఒక మండల కేంద్రమైంది. అయినా జిల్లా మెదక్, కలెక్టరు కచేరీ సంగారెడ్డిలో. మా ఊరి రైతు కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే హైదరాబాదు నగరం ఈ కొస నుండి ఆ కొసకు దాటి పోవలసి ఉండేది. 2016 అక్టోబరు 11న, విజయదశమి నాడు, సిద్దిపేట జిల్లా ఏర్పడింది. ఆ కచేరీ దగ్గరైంది. అదే పునర్విభజనలో 2015 డిసెంబరున అయుత చండీయాగం జరిగిన ఎర్రవల్లి మా మండలం విడిచి కొత్తగా ఏర్పడిన మర్కూక్ మండలంలో చేరింది. ఊళ్ళు కదలవు, గీతలు కదులుతాయి. మనుషులు ఆ గీతల వెంట కాగితాలు పట్టుకొని నడుస్తారు.

ఇంతదాకా నేను వ్రాసినది ఆ పిల్లవాడికి చెప్పవలసిన జవాబులో సగం. మిగిలిన సగాన్ని కాలమే వ్రాసింది.

నది లేని మా నేలకు నది వచ్చింది. మొదట కుళాయిలో వచ్చింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథను ప్రారంభించారు. గోదావరి నీరు ఇంటి ముందు పడుతుంటే మా వీధిలోని ఒక ముదుసలి దోసిట పట్టి కళ్ళకు అద్దుకొన్నది. తరువాత కాలువలో వచ్చింది. కాళేశ్వరం ఎత్తిపోతలలో భాగంగా, మేడిగడ్డ దగ్గర సుమారు వంద మీటర్ల ఎత్తున పారే గోదావరిని మెట్టుమెట్టుగా ఎత్తి, 618 మీటర్ల ఎత్తున మర్కూక్ దగ్గర నిలిపారు. పదిహేను టీఎంసీల జలాశయం, పదిహేను కిలోమీటర్లకు పైబడిన చుట్టుకట్ట. 2020 మే 29న దానిని ప్రారంభించారు. పేరు మా గుట్ట మీది తల్లిదే, కొండపోచమ్మ సాగర్. కాలువలలో ఒకదానికి మా ఊరి పేరే పెట్టారు. 2021 ఏప్రిల్‌లో, నడివేసవిలో, హల్దీ వాగులోకీ కూడవెల్లి వాగులోకీ ఈ నీరు వదిలారు. ఎండకాలంలో వాగు పారడం నా జీవితంలో అదే మొదటిసారి చూడడం. ఎండిన బావులలో నీరు కనిపించింది. మడులు పచ్చబడ్డవి. ఇది చిన్న మేలు కాదు. కాదన్నవాడు మోట కొట్టిన చేతులను చూడనివాడు.

2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగిన తరువాత, నీటిని ఎల్లంపల్లి నుండి ఎత్తుతూ వచ్చారు. పెద్ద పనుల మంచిచెడ్డలు తేల్చడానికి పెద్దలు ఉన్నారు. నా మాట చిన్నది. మర్కూక్ కట్ట మీద నిలబడి చూసినప్పుడు అందరికీ నీరు కనిపిస్తుంది. నాకు దాని క్రింద మూడు పేర్లు కనిపిస్తాయి. బైలాంపూర్, తానేదారుపల్లి, మామిడ్యాల.

తానేదారుపల్లి పేరులో ఏ కాలపు ఠాణాదారో ఉన్నాడు. మామిడ్యాలలో మామిడి ఉన్నది. ఆ మూడు ఊళ్ళవారికీ ములుగు మండలం తునికి బొల్లారంలో కొత్త ఇళ్ళ కాలనీ కట్టి ఇచ్చారు. మా పాఠంలో నదుల ఒడ్డున ఊళ్ళు పుట్టినవి. ఇక్కడ నది పుట్టడానికి ఊళ్ళు లేచిపోయినవి. ఆనాటి ఆరవ తరగతి పుస్తకంలో ఈ వాక్యం లేదు.

జలాశయం నిండిన మరుసటి యేడు ఆ పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. పిల్లవాడు అనడం నా అలవాటు. అప్పటికి వాడికి ఒక బిడ్డ ఉన్నది. ఆ బిడ్డను వెంట తెచ్చాడు. నాకు నమస్కారం చేసి, మంచినీళ్ళు త్రాగి, కొంతసేపు ఊరకే కూర్చున్నాడు. తరువాత అన్నాడు, "సార్, మా ఊరి మీద ఏమన్న రాసి పెట్టండి సార్. మీరు తెలుగు సార్ గద. రేపు ఈ పిల్ల అడిగితే చూపెట్టేతందుకు ఒక్క కాయితమన్న ఉండాలె."

"చెప్పు నాయనా, వ్రాసుకొంటాను" అని కలం తీశాను. వాడు చెప్పబోయి ఆగిపోయాడు. ఇంటి ముందు వేపచెట్టు, బడి అరుగు, పోచమ్మ గుడి, చెరువుకట్ట, నాలుగు చెప్పాడు. ఏ తెలంగాణ పల్లెకైనా ఇవే ఉంటాయని చెబుతూ చెబుతూ వాడికే తోచింది. "చెల్కలకు పేర్లు ఉండె సార్. మా తాత ఒక్కొక్క చెల్కను ఒక్కొక్క పేరుతోటి పిలుస్తుండె. నేను పట్టించుకోలే" అన్నాడు. తాత కొత్త కాలనీకి వచ్చిన ఆరునెలలకే పోయాడట.

నేనేమీ అనలేదు. ముప్ఫైయేళ్ళు బడిలో పనిచేసి, వందలమంది పిల్లలచేత "మా ఊరు" అని వ్యాసం వ్రాయించాను. ప్రతి యేడూ వ్రాయించాను. వారు ఏమి వ్రాసేవారు? "మా ఊరు చాలా అందమైనది. ఊరి చుట్టూ పచ్చని పొలాలు ఉన్నవి. ప్రజలు కలసిమెలసి ఉంటారు." అందరివీ అవే వాక్యాలు. నేను చెప్పిన వాక్యాలు. తప్పులు దిద్ది, పదికి ఏడు వేసి, తిరిగి ఇచ్చేవాణ్ణి. వీడు కూడా మామిడ్యాల మీద అటువంటి వ్యాసమే వ్రాసి ఉంటాడు. ఆనాడు నేను, "ఇంటికి పోయి మీ తాతను అడిగి, మీ ఊరి చెల్కల పేర్లు, కుంటల పేర్లు, బావుల పేర్లు వ్రాసుకొని రండి" అని ఒక్కమాట అని ఉంటే, ఈనాడు ఒక నోటు పుస్తకం మిగిలి ఉండేది. నీరు ఎవరు ఎత్తినా, కట్ట ఎవరు కట్టినా, ఆ పుస్తకం లేకపోవడానికి మాత్రం కారణం నేను. వాడు ఆరవ తరగతిలో అడిగిన ప్రశ్నకు జవాబు వాడి ఇంట్లోనే ఉండినది. నేను నైలు నదిని చూపించాను.

ఆ తరువాత వాడితో కలసి తునికి బొల్లారం కాలనీకి నాలుగైదు మార్లు పోయాను. వరుసగా, ఒకే కొలతన కట్టిన ఇళ్ళు. అరుగుల మీద కూర్చున్న ముసలివారి దగ్గర కూర్చొని అడిగాను. మొదట ఎవరూ చెప్పలేదు. "పోయిన ఊరితోటి ఏం పని సారూ" అన్నారు. ఒక అవ్వ మాత్రం చేట ప్రక్కన పెట్టి, ఊరి తూర్పు నుండి మొదలుపెట్టి, నడుస్తున్నట్టే చెప్పుకొంటూ పోయింది. ఇది ఫలానావారి బావి, ఇక్కడ చింతచెట్టు, చెట్టు క్రింది చెల్కకు ఈ పేరు, దాని అవతల రాళ్ళకుప్ప, అక్కడ నాగలి విరిగినందుకు దానికి ఆ పేరు. ఆమె చేయి గాలిలో దారులు చూపుతున్నది. ప్రక్కనున్న ముసలాయన "అది గాదు, కుంట ఇవతల" అని దిద్దాడు. ఇద్దరూ కాసేపు వాదులాడుకొన్నారు. నీటి అడుగున ఉన్న ఒక గట్టు కుంటకు ఇవతలనా అవతలనా అని వాదులాడుకొన్నారు. నేను రెండూ వ్రాసుకొన్నాను.

నా దగ్గర ఇప్పుడు రెండు నోటు పుస్తకాలు నిండినవి. చెల్కల పేర్లు, కుంటల పేర్లు, బావుల పేర్లు. వాటిలో కొన్ని ఏ నిఘంటువులోనూ లేని మాటలు. ఈ పేర్లను ఇక్కడ అచ్చువేయడం లేదు. అవి ముందుగా వారివి. ఒక ప్రతి ఆ పిల్లవాడికి ఇచ్చాను. వాడి బిడ్డ ఇప్పుడు అక్షరాలు కూడబలుక్కొని చదువుతున్నదట.

జగదేవ్‌పూర్ పేర్లు ఇంకా వ్రాయవలసి ఉన్నది. మా ఊరు మునగలేదు, బాగానే ఉన్నది. రోడ్లు వెడల్పయినవి, భూముల ధరలు పెరిగినవి. చెల్కలు ప్లాట్లుగా మారుతుంటే వాటి పేర్లు అంకెలుగా మారుతున్నవి. నీరు రాకుండానే మునిగేవి కూడా ఉంటాయి. అందుకని వారానికి రెండు పూటలు, ఎండ తగ్గిన తరువాత, మా ఊరి పెద్దవారి అరుగుల మీద కూర్చొంటున్నాను. కొందరు నా కన్న పెద్దలు, కొందరు నా ఈడువారు. నా ఈడువారికే పేర్లు సగం గుర్తు లేవు.

నాయనా, నదికి ఒడ్డు ఉన్నట్లే నది లేని ఊరికి చరిత్ర ఉన్నది. ఆ రోజు అడిగావు. ఈ రోజు చెబుతున్నాను. ఆలస్యమైనందుకు మార్కులు తగ్గించుకో.